ముందు రాడ్డు, తర్వాతే గుడ్డ: కర్టెన్లు ఎంచుకోవడం, కొలవడం, వేలాడదీయడం

కర్టెన్ల విషయంలో చాలామందిమి ఒకే వరసలో వెళ్తాం. ఎక్కడో ఒక గుడ్డ నచ్చుతుంది, కొనేస్తాం, దానికి తగ్గ రాడ్డు తర్వాత వెతుకుతాం, ఆ రాడ్డుని కిటికీ ఫ్రేముకి ఆనుకుని ఎక్కడ వీలైతే అక్కడ బిగించేస్తాం. అంతా అయ్యాక చూసుకుంటే కర్టెన్ నేలకి జానెడు పైన ఆగిపోయి ఉంటుంది, పక్కల నుంచి ఎండ లోపలికి వస్తూనే ఉంటుంది, గుడ్డ చాలక కుచ్చులే పడవు. తప్పు గుడ్డది కాదు, వరసది. నేను చెప్పేదల్లా ఈ వరసను తిరగేయమనే: ముందు రాడ్డు ఎక్కడ రావాలో తేల్చుకోండి, కుదిరితే బిగించేయండి కూడా, ఆ తర్వాత కొలత తీసి అప్పుడు గుడ్డ జోలికి వెళ్లండి. పొడవు, వెడల్పు, బరువు అన్నీ రాడ్డు ఉన్న చోటుని బట్టే తేలతాయి కాబట్టి.

ఈ కిటికీకి కర్టెన్ దేనికి?

ఇల్లంతటికీ ఒకే రకం కర్టెన్లు వేయాలనుకునే ముందు ఒక్కో కిటికీ దగ్గర పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి లైట్లు వేశాక ఒకసారి నిలబడి చూడండి. తూర్పు కిటికీలోంచి పొద్దున్నే మొహం మీద ఎండ పడుతుంది, పడమటి కిటికీలోంచి సాయంత్రం దాకా గదిలోకి వేడి దిగుతూనే ఉంటుంది. ఎదురుగా ఇంకో ఇంటి కిటికీ ఉంటే మీకు కావలసింది చాటు. పడకగది అయితే చీకటి. హాల్లో అయితే వెలుతురు తగ్గకూడదు, కానీ సూటిగా కళ్లలో పడకూడదు.

పల్చటి నెట్ కర్టెన్ల గురించి ఒక మాట. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి లోపలున్నవాళ్లు బయటికి కనపడరు. రాత్రి లోపల లైటు వేయగానే ఇదంతా తలకిందులవుతుంది, బయటున్నవాళ్లకి గది మొత్తం కనిపిస్తుంది. అందుకే నెట్ ఒక్కటే చాలనుకునే ముందు, రాత్రి లైటు వేసి బయటికెళ్లి ఆ కిటికీ వైపు మీరే ఒకసారి చూడండి. రెండు వరసల రాడ్డు పెట్టి, కిటికీ వైపు నెట్, గది వైపు మందపాటి గుడ్డ వేసుకుంటే పగలూ రాత్రీ రెండూ కుదురుతాయి.

రోడ్డు చప్పుడు తగ్గుతుందని మందపాటి కర్టెన్లు కొనేవాళ్లు చాలామంది ఉంటారు. మందపాటి గుడ్డ గది లోపలి ప్రతిధ్వనిని బాగా తగ్గిస్తుంది, మాట మెత్తగా వినిపిస్తుంది, కానీ బయటి హారన్లు ఆపడం దాని వల్ల పెద్దగా కాదు. చప్పుడు కిటికీ సందుల్లోంచి, అద్దంలోంచి వస్తుంది, ముందు ఆ సందులు మూయాలి.

రాడ్డు ఎక్కడ, ఎంత పొడవు

కర్టెన్ తెరిచినప్పుడు ఆ గుడ్డంతా ఎక్కడో ఒక చోట చేరాలి కదా. రాడ్డు కిటికీ వెడల్పే ఉంటే ఆ గుడ్డ అద్దం మీదే పోగుపడి, తెరిచినా సగం కిటికీ మూసినట్టే ఉంటుంది. ఫ్రేము దాటి రెండు వైపులా 8 నుంచి 12 అంగుళాలు రాడ్డు బయటికి రావాలి. 4 అడుగుల కిటికీకి 6 అడుగుల రాడ్డు అన్నమాట. ఇలా చేస్తే కిటికీ పెద్దదిగా కనపడుతుంది, మూసినప్పుడు పక్కల నుంచి వెలుతురు జారడమూ తగ్గుతుంది. పక్కన గోడ మూల గానీ బీరువా గానీ అడ్డుంటే ఆ వైపు ఎంత చోటుంటే అంతే తీసుకుని, గుడ్డనంతా రెండో వైపుకి జరిపేలా ఒకే పెద్ద కర్టెన్ వేసుకోవచ్చు.

ఎత్తు విషయంలో ఫ్రేముకి కనీసం 4 అంగుళాలు పైన, 6 అయితే ఇంకా మంచిది. కిటికీకీ సీలింగుకీ మధ్య అడుగున్నర చోటుంటే మొహమాటపడకుండా ఇంకా పైకి వెళ్లండి, గది ఎత్తుగా కనపడుతుంది. అయితే బిగించే ముందు కిటికీ తలుపులు, దోమతెర తలుపు పూర్తిగా తెరిచి మూసి చూడండి. లోపలికి తెరుచుకునే తలుపు పై అంచు రాడ్డుకి తగులుతుందా, గోడ నుంచి బ్రాకెట్ ఎంత ముందుకి రావాలి అన్నది అప్పుడే తెలుస్తుంది. ఒక వరస రాడ్డుకి గోడ నుంచి 3 అంగుళాలు సరిపోతాయి, కిటికీ గ్రిల్లు గానీ గట్టు గానీ ముందుకి వచ్చి ఉంటే అది దాటాలి. రెండు వరసలకి 5, 6 అంగుళాలు పడుతుంది.

రాడ్డు మందం చూసుకోండి. 5 అడుగులు దాటిన రాడ్డుకి మధ్యలో మూడో బ్రాకెట్ ఉండి తీరాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మధ్యలో కిందికి వంగుతుంది, ఆ వంపు మళ్లీ సరికాదు. ఒకదాంట్లో ఒకటి దూరే రాడ్లలో అతుకు దగ్గర చిన్న మెట్టు ఉంటుంది, రింగులు అక్కడ ఆగుతాయి. రోజూ తెరిచి మూసే కిటికీకి అతుకు లేని ఒకే గొట్టం తీసుకోవడమే మేలు.

పై భాగం ఏ రకం

దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ కొలత మారిపోయేది ఇక్కడే.

గుడ్డకే ఇనుప రింగులు నొక్కిన ఐలెట్ కర్టెన్లు తేలిగ్గా జరుగుతాయి, అలలు సమంగా పడతాయి. వీటిలో గుడ్డ పై అంచు రాడ్డు కంటే ఒకటి, ఒకటిన్నర అంగుళం పైకి లేచి ఉంటుంది. కాబట్టి రాడ్డు పై అంచు నుంచి నేల దాకా కొలిచి, ఆ అంగుళంన్నర కలపాలి. రింగుల సంఖ్య సరి సంఖ్య అయ్యేలా చూడండి, 8 గానీ 10 గానీ. అప్పుడే గుడ్డ రెండు అంచులూ ఒకే వైపు, గోడ వైపు తిరుగుతాయి. బేసి అయితే ఒక అంచు గోడ వైపు, ఇంకోటి గది వైపు తిరిగి ఎబ్బెట్టుగా ఉంటుంది. రింగు లోపలి రంధ్రం కూడా రాడ్డు కంటే కాస్త పెద్దదిగా ఉండాలి, బిగుతుగా ఉంటే రోజూ లాగాల్సి వస్తుంది.

పైన కుచ్చులు కుట్టి, హుక్కులతో చిన్న రింగులకి తగిలించే రకం అన్నిటికంటే అందంగా పడుతుందని నా అభిప్రాయం, గుడ్డ మాత్రం ఎక్కువ తింటుంది. దీనికి రాడ్డు నుంచి కాదు, రింగుకి కింద ఉండే చిన్న కన్ను నుంచి కొలవాలి.

గొట్టంలా కుట్టిన పై మడతలోంచి రాడ్డు దూర్చే రకం చవకది, కుట్టడం సులువు, కానీ గుడ్డ రాడ్డుని పట్టుకుని ఉంటుంది, జరపడం కష్టం. ఎప్పుడూ మూసి ఉంచే నెట్లకీ, చిన్న కిటికీలకీ మాత్రమే అది పెట్టండి.

పొడవు కొలవడం

గుడ్డ టేపు సాగుతుంది, ఇనుప టేపుతోనే కొలవండి. ఎడమ, మధ్య, కుడి మూడు చోట్ల రాడ్డు నుంచి నేలదాకా కొలిస్తే మూడు అంకెలూ ఒకటిగా రావు, నేల ఎక్కడా పూర్తి సమతలంగా ఉండదు. మూడింటిలో అన్నిటికంటే తక్కువ వచ్చినది తీసుకుని అందులోంచి అర అంగుళం తీసేయండి. నేలకి అర అంగుళం పైన ఆగిన కర్టెన్ ఊడ్చేటప్పుడు, తుడిచేటప్పుడు అడ్డు రాదు, తడవదు, దుమ్ము పట్టదు. నేల మీద కుప్పగా పడేలా వేయడం ఫోటోల్లో బావుంటుంది, రోజూ తుడిచే ఇంట్లో అడుగు నల్లబడిపోతుంది.

కింద మంచమో బల్లో ఉండి నేలదాకా కుదరకపోతే కిటికీ గట్టుకి 5, 6 అంగుళాలు కిందికి ఆపండి. గట్టుకీ నేలకీ మధ్యలో, మోకాలి ఎత్తులో ఆగే కర్టెన్ మాత్రం వద్దు, అది గుడ్డ చాలక ఆపినట్టే కనపడుతుంది.

గుడ్డ ఎంచుకోవడం

దుకాణంలో లైట్ల కింద చూసిన రంగు ఇంట్లో అలాగే ఉండదు. చిన్న ముక్క అడిగి తీసుకొచ్చి, కిటికీకి పిన్నుతో గుచ్చి, ఒక పగలు ఒక రాత్రి ఉంచి చూడండి. వెనక నుంచి ఎండ పడినప్పుడు గుడ్డ రంగు మారుతుంది, ముదురు ఆకుపచ్చ అనుకున్నది పసుపు కలిసినట్టు కనపడొచ్చు, గది మొత్తం మీద ఆ ఛాయ పడుతుంది కూడా. ముక్కని పిడికిట్లో నలిపి వదిలేయండి. ముడతలు వెంటనే విచ్చుకుంటే అది ఇస్త్రీ అడగదు, అలాగే ఉండిపోతే ప్రతి ఉతుకుకీ ఇస్త్రీ పెట్టెతో పని.

కాటన్ మెత్తగా వేలాడుతుంది, గాలి ఆడుతుంది, కానీ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నేను ఒకసారి 7 అడుగుల కాటన్ కర్టెన్లు ఎంతో ఇష్టపడి కుట్టించుకున్నాను, మొదటి ఉతుకు అయ్యాక రెండున్నర అంగుళాలు పైకి పోయాయి, కింద మడతలో గుడ్డ వదలలేదు కాబట్టి దించడానికి కూడా ఏమీ లేకపోయింది. అప్పటి నుంచి కాటన్ అయితే గుడ్డని ముందు నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కుట్టడానికి ఇస్తున్నాను. లినెన్ అందంగా ఉంటుంది, ముడతలు దాని సహజ గుణం, అవి నచ్చేవాళ్లకే అది. పాలిస్టర్ కుంచించుకోదు, తొందరగా ఆరుతుంది, ఎండకి రంగు పోవడం తక్కువ. రోజువారీ వాడకానికి, పిల్లలున్న ఇంటికి నేను పాలిస్టర్ గానీ, కాటన్ కలిసిన పాలిస్టర్ గానీ తీసుకోమంటాను. పట్టు గుడ్డ సూటి ఎండలో పోగులు బలహీనపడి చిరుగుతుంది, లైనింగ్ లేకుండా కిటికీకి వేయకండి. వెల్వెట్ దుమ్ముని పట్టి ఉంచుతుంది, ఇంట్లో డస్ట్ ఎలర్జీ ఉన్నవాళ్లుంటే ఉతకడానికి వీలైన పల్చటి గుడ్డే మంచిది.

బ్లాకవుట్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. కొన్నిటికి వెనకాల పూత ఉంటుంది, అవి వెలుతురుని దాదాపు పూర్తిగా ఆపుతాయి. కొన్ని మధ్యలో నల్ల దారం పెట్టి దట్టంగా నేసినవి, అవి గదిని మసక చేస్తాయి, పూర్తి చీకటి చేయవు. ఫోన్ టార్చిని గుడ్డకి వెనక ఆనించి పట్టుకుంటే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎంత మంచి బ్లాకవుట్ అయినా పైనుంచి, పక్కల నుంచి వెలుతురు వస్తే లాభం లేదు, అందుకే పైన చెప్పిన 8, 12 అంగుళాలు. పూర్తి చీకటి కావాలంటే చివర్లు గోడ వైపు వంగిన రాడ్డు పెట్టి, గుడ్డ అంచుని గోడకి ఆనేలా చేయాలి. వేడి ఆపడానికైతే కిటికీ వైపు తెల్లటి లైనింగ్ ఉండాలి, అది ఎండని వెనక్కి కొడుతుంది.

ఎంత గుడ్డ కావాలి

కుచ్చులు నిండుగా పడాలంటే గుడ్డ మొత్తం వెడల్పు రాడ్డు పొడవుకి కనీసం రెండింతలు ఉండాలి. నెట్ అయితే రెండున్నర, మూడింతలు. ఒకటిన్నరతో సరిపెడితే మూసినప్పుడు పరదా సాగదీసి కట్టిన దుప్పటిలా ఉంటుంది. ఖరీదైన గుడ్డ తక్కువ కొనడం కంటే మామూలు గుడ్డ నిండుగా కొనడమే ఎప్పుడూ బావుంటుంది, ఈ ఒక్క విషయంలో నేను అస్సలు రాజీపడను.

లెక్క ఇలా వేయండి. రాడ్డు 6 అడుగులు, అంటే 72 అంగుళాలు. రెండింతలు 144. గుడ్డ పన్నా 54 అంగుళాలనుకోండి, 144ని 54తో భాగిస్తే 2.67, అంటే 3 పన్నాలు. ఇప్పుడు పొడవు. తయారైన కర్టెన్ 84 అంగుళాలు ఉండాలంటే పై మడతకి 4, కింద రెండు మడతలుగా మడిచే అంచుకి 8 కలిపి 96 అంగుళాలు. 3 పన్నాలకి 288 అంగుళాలు, సుమారు 7.3 మీటర్లు. గుడ్డ మీద పెద్ద పువ్వులో గళ్లో ఉంటే ప్రతి ముక్కలోనూ అవి ఒకే ఎత్తులో కలవాలి కాబట్టి, ఆ డిజైను ఎన్ని అంగుళాలకొకసారి తిరిగి వస్తుందో అంత పొడవు ముక్క ముక్కకీ అదనంగా తీసుకోవాలి. దీన్ని మర్చిపోయి దర్జీ దగ్గరికెళ్లాక గుడ్డ చాలదని తెలిస్తే, అదే రంగు మళ్లీ దొరకడం కష్టం, వేరే బేలులో ఛాయ తేడా వస్తుంది.

ఇక్కడో చిక్కు ఉంది. 3 పన్నాలు వచ్చాయని మూడు కర్టెన్లు కుట్టిస్తే, మధ్యలోంచి రెండు వైపులకి తెరవాలనుకున్నప్పుడు ఒక వైపు రెండు, ఇంకో వైపు ఒకటి అవుతుంది. మూడో పన్నాని నిలువుగా సగానికి కోసి చెరో వైపు అతికించమని దర్జీకి చెప్పండి, అతుకు బయటి అంచు వైపు, గోడ దగ్గర ఉండేలా. రెడీమేడ్ కొంటే నాలుగు తీసుకోవడమే. రెడీమేడ్ ప్యాకెట్ మీద రాసిన వెడల్పు ఒక్క కర్టెన్‌దా, జతదా అని తప్పకుండా చూడండి.

బరువు కూడా ఒకసారి అంచనా వేసుకోండి. పై లెక్కలో గుడ్డ సుమారు 10 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 250 గ్రాముల గుడ్డ అయితే రెండున్నర కిలోలు. 400 గ్రాముల వెల్వెట్‌కి 150 గ్రాముల లైనింగ్ చేరిస్తే ఐదున్నర కిలోలు. పిల్లలు పట్టుకుని లాగే బరువు దీనికి అదనం.

బ్రాకెట్లు బిగించడం

పెన్సిలు, ఇనుప టేపు, రసమట్టం, డ్రిల్లు, గోడ ప్లగ్గులు, స్క్రూలు, గట్టి స్టూలు. ఇద్దరుంటే పని సగం అవుతుంది.

ముందు ఒక వైపు బ్రాకెట్ చోటు గుర్తు పెట్టండి. అక్కడి నుంచి రెండో వైపుకి రసమట్టం పెట్టి గీత గీయండి. ఫ్రేము నుంచి రెండు వైపులా ఒకే ఎత్తు కొలిచి పెట్టేస్తే సరిపోతుందనుకోకండి, ఫ్రేమే ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు. ఒకవేళ సీలింగు, ఫ్రేము రెండూ కలిసి కాస్త వాలి ఉండి, రాడ్డు ఒక్కటే తిన్నగా ఉంటే కంటికి రాడ్డే వంకరగా కనపడుతుంది. అందుకే కన్నం పెట్టే ముందు ఇంకొకరిని రాడ్డు పట్టుకోమని, గది అవతలి చివర నుంచి చూసి నిర్ణయించుకోండి.

స్విచ్ బోర్డు గానీ, గోడ లైటు గానీ ఉన్న చోటికి నిటారుగా పైన, అడ్డంగా పక్కన కన్నం పెట్టకండి, వైర్లు మామూలుగా ఆ దారుల్లోనే వెళ్తాయి. అనుమానం ఉంటే బ్రాకెట్‌ని నాలుగు అంగుళాలు పక్కకి జరపండి.

గోడ ఏ రకమో బట్టి పని మారుతుంది. చాలా ఇళ్లల్లో కిటికీకి సరిగ్గా పైన కాంక్రీటు లింటెల్, అంటే పై గోడ బరువు మోసే అడ్డ దూలం ఉంటుంది, మామూలు డ్రిల్లు అక్కడ లోపలికి దిగదు, హ్యామర్ డ్రిల్లు కావాలి, కానీ ఒకసారి దిగితే పట్టు అంత గట్టిగా ఇంకెక్కడా ఉండదు. ఇటుక గోడ అయితే ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి వెళ్లాలి. మొదటిసారి నేను బిగించినప్పుడు ప్యాకెట్‌లో వచ్చిన పొట్టి స్క్రూలే వాడాను, అవి ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోయాయి, మూడో నెలలో బ్రాకెట్‌తో సహా పెచ్చు ఊడి కింద పడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. రెండు అంగుళాల స్క్రూ, దానికి తగ్గ 8 మిల్లీమీటర్ల ప్లగ్, ప్లగ్ సైజుదే డ్రిల్ బిట్, ఈ మూడూ జత కుదరాలి. జిప్సం బోర్డు గోడకి ఇవేవీ పట్టవు, బోర్డు వెనకాల రెక్కలు విప్పుకునే యాంకర్లు వాడాలి, లేదా లోపలి ఫ్రేము పట్టీ ఎక్కడుందో కనుక్కుని అందులోకే స్క్రూ వేయాలి.

బిట్ మీద కావలసిన లోతు దగ్గర టేపు ముక్క చుట్టుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. కన్నంలోని పొడి పూర్తిగా తీసేయండి, పొడి ఉంటే ప్లగ్ చివరిదాకా దిగదు. ప్లగ్ గోడకి సమంగా కూర్చోవాలి. ప్లగ్ వేలితోనే తిరిగిపోతుంటే కన్నం పెద్దదైనట్టు, స్క్రూ వేయకండి, ఒక సైజు పెద్ద ప్లగ్ పెట్టండి. బిగించాక బ్రాకెట్‌ని చేత్తో కిందికి గట్టిగా లాగి చూడండి, కదిలితే కర్టెన్ వేయకముందే సరిచేసుకోవడం నయం.

అద్దె ఇంట్లో కన్నాలు పెట్టనివ్వకపోతే, కిటికీ గూటి లోపల రెండు గోడల మధ్య బిగుసుకునే స్ప్రింగు రాడ్డు ఉంటుంది. అది నెట్‌కీ, పల్చటి కాటన్‌కీ సరిపోతుంది. బరువు గుడ్డ వేస్తే జారుతుంది.

వేలాడదీయడం

ఐలెట్ కర్టెన్ వేసేటప్పుడు ప్రతి కర్టెన్‌లో చివరి రింగుని, గోడ చివర ఉండే బ్రాకెట్‌కి అవతల, రాడ్డు కొసన ఉండే గుండుకి ఇవతల ఉంచండి. ఇంత చిన్న పనితో అంచు అక్కడే నిలుస్తుంది, ఎంత గట్టిగా లాగినా గుడ్డ మధ్యలోకి జారిపోదు. మధ్య బ్రాకెట్ ఉంటే ఎడమ కర్టెన్ రింగులన్నీ ఎడమ వైపు, కుడివి కుడి వైపు, ఒక్కటి కూడా దాటకూడదు.

కొత్త కర్టెన్ ప్యాకెట్ మడతలతో మొండిగా నిలబడుతుంది. స్టీమర్ ఉంటే వేలాడదీశాక ఆవిరి పట్టండి, లేదంటే ముందే వెనక వైపు నుంచి ఇస్త్రీ చేయండి. పూత ఉన్న బ్లాకవుట్‌కి వేడి ఇస్త్రీ తగిలితే పూత అంటుకుపోతుంది, దానికి గుడ్డ వైపు నుంచి తక్కువ వేడి చాలు. ఆ తర్వాత కర్టెన్‌ని పూర్తిగా తెరిచి, పై నుంచి కింది దాకా ఒక్కో కుచ్చుని వేళ్లతో సవరించి, పైన, మధ్యలో, కింద మెత్తటి గుడ్డ పీలికలతో వదులుగా కట్టి రెండు మూడు రోజులు వదిలేయండి. విప్పాక కుచ్చులు వాటంతటవే ఆ వరసలోనే పడతాయి. కర్టెన్ బాగుండడానికీ, చాలా బాగుండడానికీ తేడా ఈ మూడు రోజుల్లోనే ఉంది, అయినా దాదాపు ఎవరూ చేయరు.

బరువైన గుడ్డ వేలాడుతూ కొంచెం సాగుతుంది. దర్జీ ఒప్పుకుంటే కింది మడతని తాత్కాలికంగా పెద్ద కుట్లతో వేయించుకుని, వారం రోజులు వేలాడాక అసలు కుట్టు వేయించండి.

పసిపిల్లలున్న ఇంట్లో లాగే తాడు ఉన్న కర్టెన్లు, బ్లైండ్లు పెట్టకండి. ఆ తాడు మెడకి చుట్టుకుని పిల్లల ప్రాణాలు పోయిన ఘటనలు ఉన్నాయి. ఇప్పటికే ఉంటే తాడుని పిల్లలకి అందనంత ఎత్తులో గోడకి బిగించేయండి, ఉయ్యాలనీ మంచాన్నీ ఆ కిటికీకి దూరంగా జరపండి. స్టవ్ పక్కన కిటికీకి గుడ్డ కర్టెన్ అసలే వద్దు, హీటరు ఉన్న చోట కూడా అంతే.

ఉతకడానికి తీసేటప్పుడు ఏ కర్టెన్ ఏ కిటికీదో, ఎడమదో కుడిదో కింది మడత లోపల రంగు దారంతో చిన్న కుట్టు వేసి గుర్తు పెట్టుకోండి. నెలకోసారి పై నుంచి కిందికి బ్రష్ పెట్టిన వాక్యూమ్‌తో దుమ్ము తీస్తుంటే ఏడాదిలో రెండు సార్లు ఉతికినా చాలు. ఉతికాక ఇంకా కాస్త తడి ఉండగానే రాడ్డుకి ఎక్కించేస్తే, తన బరువుకి తానే సాగి ముడతలు చాలావరకు పోతాయి, ఇస్త్రీ పని తప్పుతుంది.